మూడో జనరేషన్ ఐ5కి బోర్డు దొరుకుతుందా, దొరికితే ఏది వేయాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. మిల్లులో లారీ కాటా దగ్గర ఉన్న సిస్టమ్, 2012 చివర్లో అసెంబుల్ చేయించింది, ఐ5-3470 ప్రాసెసర్, ఇంటెల్ వాళ్ళ హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్‌లు రెండు, విండోస్ 7. బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క సెకను తిరిగి ఆగిపోతోంది, మళ్ళీ దానంతటదే తిరుగుతోంది, మళ్ళీ ఆగుతోంది. ఊళ్ళో షాపతనేమో బోర్డు పోయింది, ఆ బోర్డులు ఇప్పుడు రావు, మొత్తం కొత్తది కొనండి అన్నాడు. అదే బోర్డు ఎక్కడైనా దొరుకుతుందా అనేది నీ మొదటి ప్రశ్న, ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి విండోస్ 11 పడే బోర్డు వేసేసుకుంటే క్రోమ్ అప్‌డేట్ కాక ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ బిల్లు) దగ్గర పడుతున్న ఇబ్బంది కూడా తీరిపోతుంది కదా అనేది రెండోది.

బోర్డు దొరుకుతుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ రెండు పనులూ ఒకే బోర్డు మీద వేయాలనుకోవడం దగ్గరే నేను ఆగమంటున్నా. నేను 20 ఏళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నా, మొదట సికింద్రాబాద్‌లో, తర్వాత నల్గొండ వైపు, మిర్యాలగూడ మిల్లుల్లో కాటా సిస్టమ్‌లు చాలా చూశా. కాటా ఆగితే గేటు బయట ధాన్యం లారీలు వరసగా నిలబడిపోతాయి, మీ నాన్నగారి టెన్షన్ అదే అయ్యుంటుంది. ఆ సిస్టమ్‌కి కావాల్సింది స్పీడు కాదు, నిన్న ఎలా పనిచేసిందో రేపూ అలాగే పనిచేయడం. అందుకే దానికి అదే తరం బోర్డు వెతికి పెట్టు, ఈ-వే బిల్లుకి వేరే మెషిన్ చూడు. ఎందుకో కింద వివరంగా రాస్తా, కొంచెం ఓపికగా చదువు.

ముందు అసలు బోర్డే పోయిందా లేదా తేల్చు. ఫ్యాన్ తిరిగి ఆగి మళ్ళీ తిరగడం అనేది బోర్డు పోయిందనడానికి సాక్ష్యం కాదు, ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) వీక్ అయినా అదే చేస్తుంది, ర్యామ్ కాంటాక్ట్ లేకపోయినా కొన్ని బోర్డులు అదే చేస్తాయి, ప్రాసెసర్ పక్కన ఉండే 4 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ లూజ్ అయినా అదే. పవర్ కేబుల్ పీకేసి ర్యామ్‌లు రెండూ తీసి ఆ బంగారు రంగు కాంటాక్టుల్ని రబ్బరుతో మెల్లగా రుద్ది గుడ్డతో తుడిచి, ఒక్క ర్యామ్ మాత్రమే ఒక స్లాట్‌లో పెట్టి చూడు, రాకపోతే రెండో స్లాట్‌లో, తర్వాత రెండో ర్యామ్‌తో కూడా అలాగే. హార్డ్ డిస్క్, డీవీడీ, కార్డులు, ముందువైపు యూఎస్‌బీ వైర్లు అన్నీ పీకేసి బోర్డు, ప్రాసెసర్, ఒక ర్యామ్ మాత్రమే ఉంచి ఆన్ చేయాలి, ముందు యూఎస్‌బీ పోర్టులో రేకు వంగి షార్ట్ అయిన కేసులు నేను చాలా చూశా. బోర్డుని క్యాబినెట్ లోంచి పూర్తిగా తీసి ఒక అట్టముక్క మీద పెట్టి కూడా ఆన్ చేసి చూడు, కింద ఒక స్క్రూ పడి ఉన్నా ఇలాగే జరుగుతుంది. బీప్ స్పీకర్ ఒకటి చిన్నది దొరుకుతుంది, అది తగిలించి ర్యామ్ లేకుండా ఆన్ చెయ్యి, బీప్‌లు వస్తున్నాయంటే బోర్డు ప్రాణంతోనే ఉందన్నమాట.

ఆ తర్వాత ఎస్ఎంపీఎస్. పక్క సిస్టమ్‌ది తెచ్చి పెట్టి చూడడమే అన్నిటికంటే సులువు. లేదంటే మల్టీమీటర్‌తో, పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 లోపు, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 లోపు, నారింజ మీద 3.14 నుంచి 3.47 లోపు ఉండాలి, లోడు మీద ఉన్నప్పుడు చూడాలి, ఊరికే వదిలేసి చూస్తే పాడైంది కూడా బాగానే చూపిస్తుంది. 13 ఏళ్ళ నాటి ఎస్ఎంపీఎస్ అయితే బోర్డు బాగున్నా సరే అది మార్చెయ్, ఇది నా గట్టి మాట. కొత్త బోర్డుని పాత ఎస్ఎంపీఎస్ మీద పెట్టి నెలకే మళ్ళీ తెచ్చినవాళ్ళు ఉన్నారు.

ఇంకోటి, ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లు చూడు, పైభాగం చదునుగా ఉండాలి, కొంచెం ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినట్టు ఉన్నా అదే రోగం. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు వచ్చిన బోర్డుల్లో ఎలక్ట్రోలైట్ ద్రవం నాసిరకంది వాడడం వల్ల ఇవి లక్షల్లో పోయాయి, నీ బోర్డు కాలానికి ప్రాసెసర్ దగ్గర సాలిడ్ కెపాసిటర్లు వచ్చేశాయి కానీ మిగతా చోట్ల పాతరకమే వేసినవి చాలా ఉన్నాయి. అది మార్చడం చిప్ లెవెల్ రిపేర్ చేసేవాళ్ళకి అరగంట పని. బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఉండే చిప్ కరప్ట్ అయినా వాళ్ళు తీసి ప్రోగ్రామర్‌లో పెట్టి మళ్ళీ రాస్తారు. కాబట్టి పాత బోర్డుని పారేయకు, అది బాగుపడితే రేపటికి స్పేర్.

అసలు ఎందుకు పోయిందో కూడా చూడాలి తమ్ముడూ, లేకపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది. మిల్లులో తవుడు, ఊక దుమ్ము హీట్‌సింక్‌లో పొరలా పేరుకుపోతుంది, వానాకాలంలో ఆ దుమ్ము తేమ పీల్చుకుంటుంది, అది పిన్నుల మధ్య సన్నగా కరెంటు లీక్ చేస్తుంది. ఇంకా పెద్దది ఎర్తింగ్. కాటా ఇండికేటర్ (తూకం చూపించే డబ్బా) నుంచి సిస్టమ్‌కి వచ్చే కామ్ పోర్టు (సీరియల్ పోర్టు) కేబుల్ ఉంది చూశావా, కాటా ప్లాట్‌ఫామ్ ఎర్త్ ఒకటి, ఆఫీసు రూము ఎర్త్ ఇంకొకటి అయితే పిడుగు ఎక్కడో దూరంగా పడ్డా ఆ రెండిటి మధ్య తేడా వోల్టేజ్ ఆ కేబుల్‌లోంచే బోర్డులోకి వస్తుంది. మొదట కామ్ పోర్టు చిప్ పోతుంది, ఒక్కోసారి దానితో పాటు బోర్డంతా పోతుంది. ఎర్త్ సరిచేయించి, మధ్యలో ఆప్టికల్ ఐసోలేటర్ ఒకటి పెట్టించు, బోర్డు ఖర్చుతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు ఆ సిస్టమ్‌లో ఏమేం మారకుండా ఉండాలో రాసుకో, బోర్డు ఏదనేది దాన్నిబట్టే తేలుతుంది. కాటా సాఫ్ట్‌వేర్ ఎప్పటిది? డాస్ కాలం నాటిదో 16 బిట్‌దో అయితే అది 32 బిట్ విండోస్ మీదే నడుస్తుంది, 64 బిట్ విండోస్‌లో ఓపెన్ కూడా కాదు, విండోస్ 11 అసలు 32 బిట్‌లో లేనే లేదు. మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో 32 బిట్ అని ఉండేదేమో గుర్తుతెచ్చుకో, ఉంటే ఈ ఒక్క కారణంతోనే నీ విండోస్ 11 ఆలోచన కాటా వరకు ఆగిపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారా, కొత్త వెర్షన్ ఇస్తారా కనుక్కో, ఇస్తే వేరే సంగతి.

విండోస్ 7 తోనే నడవాలి అంటే ఇంటెల్ 4వ జనరేషన్ దగ్గర ఆగిపోవాలి, అంటే హెచ్81, బి85 బోర్డుల వరకు. 6వ జనరేషన్ నుంచి యూఎస్‌బీ కంట్రోలర్ మారింది, విండోస్ 7 ఇన్‌స్టాల్ మొదలుపెడితే కీబోర్డు మౌసు రెండూ చచ్చుబడిపోతాయి, డ్రైవర్లు సీడీలోకి ఎక్కించి చేసే దారులున్నాయి కానీ అంత అవస్థ కాటాకి ఎందుకు. 8వ జనరేషన్ తర్వాత ఆ ఊసే వద్దు.

కామ్ పోర్టు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇప్పుడొచ్చే బోర్డుల్లో వెనక కామ్ పోర్టు కనిపించకపోయినా బోర్డు మీద 9 పిన్నుల హెడర్ చాలావాటికి ఉంటుంది, దానికి చిన్న కేబుల్ పట్టీ తగిలించి వెనక బిగించుకోవాలి. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు, ఆ పట్టీల్లో వైరింగ్ రెండు రకాలు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, బోర్డుకి సరిపడని రకం పెడితే డివైస్ మేనేజర్‌లో కామ్1 చక్కగా కనిపిస్తుంది కానీ తూకం మాత్రం రాదు. ఒక మిల్లులో దీని మీదే నాకు రెండు రోజులు పోయాయి, ఇండికేటర్ మార్చాం, కేబుల్ మార్చాం, చివరికి మీటర్ పెట్టి పిన్ను పిన్ను చూస్తే పట్టీ వేరే రకం. బోర్డు మాన్యువల్‌లో పిన్ వరస ఉంటుంది, దాంతో సరిచూసుకో. యూఎస్‌బీ నుంచి కామ్ మార్చే కేబుల్ వాడొచ్చు కానీ అందులో నకిలీ చిప్‌లు ఎక్కువ, విండోస్ అప్‌డేట్‌తో కొత్త డ్రైవర్ వచ్చిన రోజు ఆగిపోతాయి, పైగా అది కామ్5, కామ్6 అని వస్తుంది, పాత సాఫ్ట్‌వేర్ కామ్1 తప్ప చూడదు, డివైస్ మేనేజర్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నంబరు మార్చాలి. నన్నడిగితే బోర్డు మీదిదే వాడు, లేదంటే కామ్ పోర్టు ఉన్న పీసీఐ కార్డు పెట్టు. ఆ కార్డుల మీద 9835 అనే నంబరుతో ఒక చిప్ ఉండేది, అది మన హైదరాబాద్ కంపెనీ మాస్‌చిప్ పేరుతో వచ్చేది, దేశం బయట కూడా ఆ కార్డులు బోలెడు అమ్ముడుపోయాయి, ఇప్పటికీ నా దగ్గర రెండు పనిచేస్తున్నాయి, వాటిని చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

సరే, బోర్డు. అచ్చం అదే ఇంటెల్ మోడల్ కోసం పట్టుబట్టకు. డెస్క్‌టాప్ బోర్డుల తయారీ ఆపేస్తున్నామని ఇంటెల్ 2013 జనవరిలోనే చెప్పింది, పాత బోర్డుల బయోస్ ఫైళ్ళు, డ్రైవర్లు కూడా 2019 నవంబర్‌లో తన సైటు నుంచి తీసేసింది. నీ ప్రాసెసర్ కూర్చునేది ఎల్‌జీఏ 1155 సాకెట్‌లో, ఆ సాకెట్ ఉంటే ఆసుస్ అయినా, గిగాబైట్ అయినా, ఎంఎస్ఐ అయినా పర్లేదు. 1156, 1150 అని ఇంకో రెండు సాకెట్లున్నాయి, పేరు దగ్గరగా ఉంది కదా అని మోసపోకు, పక్కనున్న గాట్లు వేరే చోట ఉంటాయి, ప్రాసెసర్ కూర్చోదు, బలంగా నొక్కితే పిన్నులు విరుగుతాయి. చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్, హెచ్61, బి75 అనేవి దాని పేర్లే) విషయానికొస్తే హెచ్61 అన్నిటికంటే తేలిగ్గా దొరికేది, ర్యామ్ స్లాట్లు రెండే, 16 జీబీ వరకు. బి75 దొరికితే ఇంకో ఆలోచన లేకుండా తీసుకో, దానికి యూఎస్‌బీ 3.0 చిప్‌సెట్‌లోనే ఉంటుంది, ఎస్ఎస్‌డీకి పనికొచ్చే 6 జీబీపీఎస్ సాటా (డిస్క్ తగిలించే) పోర్టు ఒకటి ఉంటుంది, మామూలు పీసీఐ స్లాట్ కూడా చాలావాటిలో ఉంటుంది, పైగా నీ ఐ5-3470 మూడో జనరేషన్‌తో పాటే 2012లో వచ్చిన చిప్‌సెట్ కాబట్టి బయోస్ గొడవ ఉండదు.

బయోస్ గొడవ అంటే ఇది. హెచ్61 వచ్చింది 2011లో, రెండో జనరేషన్ కోసం. 2011 నాటి బయోస్‌తోనే ఉండిపోయిన హెచ్61 బోర్డులో నీ మూడో జనరేషన్ ప్రాసెసర్ పెడితే డిస్‌ప్లే రాదు. బోర్డు బాగానే ఉంటుంది, ప్రాసెసర్ బాగానే ఉంటుంది, కానీ రాదు. చాలామంది అది చచ్చిన బోర్డు అనుకుని వెనక్కిచ్చేస్తారు. రెండో జనరేషన్ పెంటియం జి620 లాంటిది ఏదో ఒకటి పెట్టి బయోస్ అప్‌డేట్ చేసి తర్వాత నీది పెట్టాలి, మంచి సర్వీసు షాపుల్లో ఇందుకోసమే ఒక పాత పెంటియం డ్రాలో ఉంచుకుంటారు. కొనేముందే అడుగు, మూడో జనరేషన్ ప్రాసెసర్ పెట్టి డిస్‌ప్లే చూపించమని.

ఇక ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొత్త హెచ్61 బోర్డు అని, ఎన్‌వీఎంఈ (వేగమైన కొత్తరకం ఎస్ఎస్‌డీ) స్లాట్ కూడా ఉందని, ఏడాది వారంటీ అని కనిపిస్తాయి. బోర్డు కొత్తదే కానీ దాని మీద చిప్‌సెట్ పాత బోర్డుల నుంచి ఊడదీసి మళ్ళీ అతికించింది, ఎందుకంటే ఆ చిప్‌సెట్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అన్నీ చెడ్డవని నేననను, ఇంట్లో పిల్లల చదువుకి వేసినవి మూడేళ్ళుగా నడుస్తున్నవి ఉన్నాయి. కానీ ప్రాసెసర్‌కి పవర్ ఇచ్చే భాగం బక్కగా ఉంటుంది, దాని మీద హీట్‌సింక్ ఉండదు, బయోస్ అప్‌డేట్లు ఎక్కడా దొరకవు, చాలావాటికి కామ్ హెడర్ అసలు ఉండదు. మిల్లులో ఎండాకాలం రేకుల షెడ్డు కింద 12 గంటలు నడిచే సిస్టమ్‌కి నేను వేయను. అదే డబ్బుకి పాత ఆసుస్‌దో గిగాబైట్‌దో నిజమైన బోర్డు సెకండ్ హ్యాండ్‌లో వస్తుంది, నేను ఈ మధ్య చూసినంతలో 1,500 నుంచి 2,500 మధ్య అడుగుతున్నారు.

ఎక్కడ అంటే, నువ్వు నల్గొండ జిల్లా అన్నావు కాబట్టి ఒక పూట సికింద్రాబాద్ వెళ్ళు, పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. కింద కొత్త సరుకు షాపుల్లో అడిగితే లేదంటారు, అది వాళ్ళ వ్యాపారం కాదు. పైఅంతస్తుల్లో, చుట్టుపక్కల సందుల్లో చిప్ లెవెల్ సర్వీసు చేసేవాళ్ళు, సెకండ్ హ్యాండ్ వాళ్ళు ఉంటారు, వాళ్ళనడుగు. ఫోన్‌లో అడిగితే ఉంది రండి అంటారు, వెళ్ళాక వేరేది చూపిస్తారు, అందుకే బోర్డు ఫోటో వాట్సాప్‌లో పెట్టించుకుని, సాకెట్ దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి అడిగి అప్పుడు బయల్దేరు. చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో కూడా ఇలాంటివి దొరుకుతాయి కానీ కొరియర్‌లో తెప్పించుకుంటే సాకెట్ పిన్నుల పూచీ ఎవరూ తీసుకోరు. అమెరికాలో మీ వాళ్ళెవరైనా ఉంటే అక్కడ ఈబేలో ఈ తరం బోర్డులు చాలా ఉంటాయి, వచ్చేవాళ్ళ సామాన్లలో తెప్పించుకోవచ్చు, కానీ నీ అవసరానికి అంతదూరం పోనక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు నీ ప్రాసెసర్, నీ ర్యామ్‌లు రెండూ తీసుకెళ్ళు. ప్రాసెసర్‌ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు, జేబులో వేసుకోకు. షాపులో మొదట చూడాల్సింది సాకెట్. ఈ తరంలో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు బోర్డుకి ఉంటాయి, వెంట్రుక కంటే కొంచెం లావు, 1155 పిన్నులు. సెల్‌ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడు, అన్నీ ఒకే వరసలో పొలంలో నాటిన నారులాగా మెరవాలి, ఎక్కడైనా ఒక మెరుపు పక్కకి పోయిందంటే అక్కడ పిన్ను వంగింది. సాకెట్ మీద ప్లాస్టిక్ మూత లేకుండా గుట్టలో పడేసిన బోర్డు అయితే నేను అసలు ముట్టుకోను. తర్వాత వెనక్కి తిప్పి చూడు, చిప్‌సెట్ దగ్గర, ర్యామ్ స్లాట్ల దగ్గర పసుపు మరకలు, జిగట ఉంటే దానికి రిపేర్ జరిగింది. రిపేర్ చేసిందైతే వద్దని కాదు, ధర తగ్గాలి, చెకింగ్ వారంటీ పెరగాలి. అప్పుడు నీ ప్రాసెసర్, ర్యామ్ పెట్టించి డిస్‌ప్లే రప్పించు, రెండు స్లాట్లలోనూ ర్యామ్ చూపిస్తోందా, 8 జీబీ వస్తోందా, బయోస్‌లో ప్రాసెసర్ టెంపరేచర్ ఎంత ఉంది, అన్ని యూఎస్‌బీలు, ల్యాన్ లైటు, అన్ని సాటా పోర్టులు ఒక్కొక్కటీ. ల్యాన్ పోయిన బోర్డులు చాలా ఉంటాయి, పిడుగులకి ముందు పోయేది అదే. కనీసం 15 రోజులు చెకింగ్ వారంటీ బిల్లు మీద రాయించుకో. ఇంటికొచ్చాక మొదటి రాత్రి మెమ్‌టెస్ట్ (ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్) పెట్టి వదిలెయ్, పొద్దున్నకి ఒక్క ఎర్రర్ కూడా ఉండకూడదు. ఆ 3 వోల్టుల గుండ్రటి సెల్ సీఆర్2032, అది మాత్రం కొత్తది వెయ్యి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కిపోయి కాటా స్లిప్పుల మీద తప్పు తేదీ పడుతుంది, అది మిల్లులో పెద్ద తలనొప్పి.

ఓఎల్ఎక్స్‌లో చవగ్గా కనిపించే బోర్డుల్లో సగం డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీ సిస్టమ్‌ల నుంచి తీసినవి, అవి నీ క్యాబినెట్‌కి పనికిరావు. స్క్రూ రంధ్రాలు వేరు, పవర్ బటన్ వైరు వేరు, కొన్నిటికి ఎస్ఎంపీఎస్ కూడా వేరు, డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020ల్లో 24 పిన్నుల బదులు 8 పిన్నులే ఉంటాయి. కానీ బోర్డు కాకుండా మొత్తం సిస్టమ్ దొరికితే మాత్రం నాకు చాలా ఇష్టమైన దారి అదే. డెల్ ఆప్టిప్లెక్స్ 7010 అని 2012లో వచ్చింది, సరిగ్గా నీ తరమే, క్యూ77 చిప్‌సెట్, నీ ఐ5-3470 దాంట్లో అలాగే కూర్చుంటుంది, నీ డీడీఆర్3 ర్యామ్ పడుతుంది, వెనక కామ్ పోర్టు ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది, విండోస్ 7 డ్రైవర్లు డెల్ సైటులో దొరుకుతాయి. పెద్ద కంపెనీలు లీజు అయిపోయాక వదిలేసినవి హైదరాబాద్‌లో రీఫర్బిష్డ్ షాపుల్లో వస్తూనే ఉంటాయి, ఒక్కోసారి విడి బోర్డు, కొత్త ఎస్ఎంపీఎస్, రాను పోను ఖర్చు కలిపితే అయ్యేదానికి కొంచెం పైన వేస్తే ఏకంగా మొత్తం మెషినే వస్తుంది. ఒక జాగ్రత్త, డెల్ 2023లో మళ్ళీ 7010 అనే పేరుతోనే 13వ జనరేషన్ మెషిన్ తెచ్చింది, వెతికితే రెండూ కలిసి కనిపిస్తాయి, అందుకే మూడో జనరేషన్‌ది అని స్పష్టంగా అడుగు.

బోర్డు మార్చే ముందు చేయాల్సినవి. నీ హార్డ్ డిస్క్ తీసి వేరే సిస్టమ్‌కి తగిలించి మొత్తం కాపీ తీసిపెట్టు, టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఫోల్డరు, కాటా సాఫ్ట్‌వేర్ ఫోల్డరు విడిగా రెండు చోట్ల. ఆ డిస్క్ కూడా 13 ఏళ్ళదే కాబట్టి ఒక 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ మీదకి క్లోన్ చేసి, పాతదాన్ని అలాగే దాచిపెట్టడం మంచిది. కొత్త బోర్డులో విండోస్ మొదలవుతూనే నీలం తెర వచ్చి మళ్ళీ రీస్టార్ట్ అయితే కంగారుపడకు, బయోస్‌లో సాటా మోడ్ ఐడీఈ ఉందా ఏహెచ్‌సీఐ ఉందా చూడు, పాత బోర్డులో ఏది ఉండేదో అదే పెడితే చాలావరకు లేచి నిలబడుతుంది. విండోస్ ఓఈఎం లైసెన్స్ అయితే బోర్డుకి ముడిపడి ఉంటుంది, యాక్టివేషన్ అడగొచ్చు. టాలీ కూడా అంతే, లైసెన్స్ ఆ కంప్యూటర్‌కి కట్టేసి ఉంటుంది, మామూలుగా అయితే హార్డ్‌వేర్ మార్చేముందు టాలీలోనే లైసెన్స్ సరెండర్ చేసి, తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేసుకోవాలి. నీకు సిస్టమే లేవట్లేదు కాబట్టి ఆ అవకాశం లేదు, సీరియల్ నంబర్, రిజిస్టర్ చేసిన మెయిల్ ఐడీ పట్టుకుని మీ టాలీ పార్ట్‌నర్‌కి ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఆ మెయిల్ పాస్‌వర్డ్ మీ పాత అకౌంటెంట్ దగ్గర ఉండిపోయి ఉంటుంది, చాలాచోట్ల ఇదే జరుగుతుంది, అది తెప్పించుకోవడమే నీకు ఎక్కువ టైమ్ పట్టొచ్చు.

ఇక ఈ-వే బిల్లు సంగతి. క్రోమ్ విండోస్ 7కి 109వ వెర్షన్‌తో 2023లోనే ఆగిపోయింది, విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14న అయిపోయింది. అలాంటి మెషిన్‌లో జీఎస్టీ లాగిన్, బ్యాంకు లాగిన్ చేయకూడదు, కాటా సిస్టమ్‌కి ఇంటర్నెట్ కేబులే పీకేసి ఉంచు. విండోస్ 10 కూడా 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కి అధికారికంగా 8వ జనరేషన్ ఇంటెల్ లేదా రైజెన్ 2000 నుంచి, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (రెండూ మెషిన్‌లో ఉండే సెక్యూరిటీ ఏర్పాట్లు) ఉండాలి, అంటే నీ ప్రాసెసర్, నీ ర్యామ్ రెండూ దానికి పనికిరావు, బోర్డు ఒక్కటే మారిస్తే సరిపోదు. హెచ్610 బోర్డు తీసుకుంటే దాంతోపాటు 12వ జనరేషన్ ఐ3, డీడీఆర్4 ర్యామ్, ఎస్ఎస్‌డీ అన్నీ కొనాలి, అప్పుడు నీ పాతదాంట్లోంచి మిగిలేది క్యాబినెట్, మానిటర్ మాత్రమే. హెచ్610లో డీడీఆర్4 బోర్డులు, డీడీఆర్5 బోర్డులు రెండూ ఉంటాయి, ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో పట్టదు, ఆర్డరు పెట్టేముందు పేరు చివర అక్షరాలు కూడా చూసుకో. ఒట్టి ఈ-వే బిల్లు, టాలీ, మెయిల్ కోసమే అయితే అంత అక్కర్లేదు, 8వ జనరేషన్ ఐ5తో రీఫర్బిష్డ్ ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి తీసుకుంటే విండోస్ 11 మామూలుగా నడుస్తుంది, ఐదారేళ్ళు చూసుకోనక్కర్లేదు. టాలీని కాటా సిస్టమ్ నుంచి దీని మీదకి మార్చేయ్, అప్పుడు కాటా దగ్గర ఏం జరిగినా మీ లెక్కలు సురక్షితం.

ముందు ఈ రోజు ఆ ఎస్ఎంపీఎస్ మార్చి, ఒక్క ర్యామ్‌తో ఆన్ చేసి చూడు. ఏమైందో ఇక్కడే రాయి, దాంతోపాటు ప్రాసెసర్ చుట్టూ బోర్డు ఫోటో ఒకటి, కాటా ఇండికేటర్ వెనక కేబుల్ ఫోటో ఒకటి పెట్టు, కామ్ సెట్టింగ్‌లో స్పీడు (బాడ్ రేటు) 2400 ఉండేదో 9600 ఉండేదో మీ కాటా ఆపరేటర్‌ని అడిగి రాసిపెట్టుకో. వరి కోతలు మొదలయ్యేలోపు లేపేద్దాం.